పేర్లు పిలిచే బావి

ఆ చింతచెట్టు కింద మీరేం చూశారు? ముందు అది చెప్పండి. ఒకరి మొహం ఒకరు చూసుకుంటే నాకు తెలియదు, నోరు తెరిచి చెప్పాలి. అక్కణ్ణుంచి వచ్చిన దగ్గర్నుంచీ చూస్తున్నాను, నలుగురూ ఒకటే గుసగుసలు, అన్నం కూడా సరిగ్గా తినలేదు. ఉయ్యాల ఊగింది, అంతేనా? మధ్యాహ్నం మీరే కట్టారు కదా, ఆ వలలాంటి ఉయ్యాల, ఈ కొమ్మకో తాడు, ఆ కొమ్మకో తాడు. అందులో ఎవరూ లేరు, గాలి లేదు, చింతాకు కూడా కదల్లేదు, అయినా ఎవరో బిడ్డను పడుకోబెట్టి కాలితో తోస్తున్నట్టు మెల్లగా ఊగింది. అవునా? ఆ కళ్ళద్దాల అమ్మాయి తల ఊపింది, చాలు. మరి ఆ పొడుగు కెమెరా అబ్బాయేడి, కౌశికో ఏదో పేరు? పడుకున్నాడా? సరే, పడుకోనీయండి. మీరు ఇలా దగ్గరికి జరగండి, నాకు గట్టిగా మాట్లాడే ఓపిక లేదు.

వైదేహమ్మా, నువ్వే కదా వీళ్ళకు పెద్దదానివి. పొద్దున నువ్వు ఫోన్‌లో ఎవరితోనో చెబుతుంటే విన్నాను, అరకు చూసి చూసి విసుగొచ్చింది, లంబసింగి నిండా జనమే, అందుకని ఈ కార్తీకానికి ఎవరికీ తెలియని చోటు పట్టాం అని. ఎవరికీ తెలియదా? మాకు తెలుసు. మమ్మల్ని మనుషుల్లో వెయ్యవా? ఒక చోటికి ఇన్నేళ్ళుగా ఎవరూ పోవడం లేదంటే, దారి లేక పోవడం లేదా, మనసొప్పక పోవడం లేదా అని ఒక్కమాట ఇక్కడ ముసలివాళ్ళను అడగాలి కదా. అడగరు. రేపు ఇక్కడి గుడారాలన్నీ పీకి ఆ చింతచెట్టు పక్కనున్న బావి గట్టుకు మారుస్తామంటున్నారట. మా తులశమ్మ కూడా సరేనందట, అక్కడికైతే ఇంకా జనం వస్తారు, వంటకు చేతినిండా పని ఉంటుందని. అందుకే ఈ మాట ఎత్తాను, లేకపోతే ఎత్తేదాన్ని కాదు. అరవై ఏళ్ళు ఎత్తలేదు.

మీరు సరదాకు గుడ్డ కింద పడుకుంటారు, మేం ఇల్లు లేక పడుకున్నాం. గోనెసంచులు విప్పి కుట్టిన డేరాలు మావి, వాన పడితే లోపల కూడా పడేది, కాకపోతే కాస్త ఆలస్యంగా. బావులు తవ్వే గుంపు మాది, ఇరవై మందిమి, ఈ వెలిగొండల కింద మేం పడుకోని చోటు లేదు. అందుకని ఎక్కడ పడుకోవాలో నన్నడగండి, మీ ఫోన్‌లో దొరకదు. దొడ్డిబండ అని ఉంది, పాతకాలంలో గొర్రెలు తోలేవాళ్ళు, మూడు వైపులా రాయి, ఈశాన్యపు గాలి కొట్టదు, ఈ రోజుల్లో పక్కనే మడుగు నిండుగా ఉంటుంది. అక్కడ పడుకోండి. ఈతవంక ఇసుక మీద కూడా పడుకోవచ్చు, కానీ కార్తీకంలో మాత్రం వద్దు, పైన కొండలో వాన పడితే మీకు తెలిసేలోపు వంక వచ్చేస్తుంది, మా వంటపాత్రలన్నీ ఒకసారి అలాగే పోయాయి, రెండు రోజులు జొన్నలు నానబెట్టుకుని తిన్నాం. తంగేడుచెలక ఉంది, సీతాఫలాలు ఇప్పుడు పండి రాలుతుంటాయి, ఎలుగుబంటి కూడా వాటికోసమే వస్తుంది, అయినా ఎలుగుబంటి నయం, వచ్చిన పని చూసుకుని పోతుంది. ఇన్ని చోట్లుండగా మీకు ఆ బావే దొరికిందా?

ఆ బావి మేం తవ్విందే. రైతెవరో ఉండేవాడు, ఇప్పుడు ఆ ఇంటి పేరు కూడా ఎవరికీ గుర్తులేదు. ఆరు మట్లు, అంటే ఆరు నిలువుల లోతు పోయాక బండ పడింది. బండ పడితే ఏం చేస్తారు? బెజ్జాలు కొట్టి, మందు కూరి, వత్తి పైదాకా లాగి, సాయంత్రం పని ఆపాక అంటించేవాళ్ళం, రాత్రికి పొగ పోతే పొద్దున దిగి రాళ్ళు ఎత్తేవాళ్ళం. అయితే అంటించే ముందు మా మేస్త్రి తిరుపాలు గట్టు మీద నిలబడి అందరి పేర్లూ పిలిచేవాడు, ఒక్కొక్కరూ ‘ఉన్నా’ అని పలకాలి. ఇరవై పేర్లకూ ఇరవై ‘ఉన్నా’లు వస్తేనే నిప్పు. ఒక్కటి తగ్గినా నిప్పు లేదు, ఎంత పొద్దుపోయినా సరే, ఆ మనిషి కనబడేదాకా ఎవరూ కదలకూడదు. ఇందాక వైదేహమ్మ కాగితం పట్టుకుని మీ పేర్లు పిలిచింది చూశారా, మీరు గుడారాల్లోంచే ఉన్నా, ఉన్నా అన్నారు చూశారా, ఆ పద్ధతే. మంచి పద్ధతి. మా ప్రాణాలన్నీ దాని మీదే ఉండేవి.

మా గుంపులో సుంకులు అని ఉండేది. నా ఈడుదే, నాతో జంటగా తట్టలు మోసేది, నోరు పెద్దది, మేస్త్రిని కూడా ఏమయ్యా తిరుపాలూ, నీ మీసం బరువు కూడా మమ్మల్నే మొయ్యమంటావా అనేది. దానికి ఎనిమిది నెలల బిడ్డ. చింతచెట్టుకు పాత చీర కట్టి, ఆ ఉయ్యాలలో బిడ్డను వేసి పనికి దిగేది. పొద్దు వాలేసరికి బిడ్డ ఆకలికి ఏడుస్తుంది కదా, పేర్లు పిలిచేదాకా ఇది ఆగలేకపోయేది, మట్టికుప్ప చాటుగా చెట్టు దగ్గరికి జారుకునేది. మేస్త్రికి తెలిస్తే గుంపులోంచి తీసేస్తాడు, మొగుడు లేని మనిషి, ఎక్కడికి పోతుంది? అందుకని దాని పేరు వచ్చినప్పుడు నేను గొంతు మార్చి ‘ఉన్నా’ అనేదాన్ని. రోజూ అనేదాన్ని. అది నవ్వి, నీ గొంతు కప్పగొంతులా ఉందే ఓబులమ్మా, నన్ను అంత వికారంగా చెయ్యకే అనేది. మేం ఇద్దరం దాన్ని సాయం అనుకున్నాం. సాయం కాదా మరి? మీరైతే చెయ్యరా?

ఆ రోజు మధ్యాహ్నం బండ పక్కన ఊట కనబడింది. గూడులాంటి చోటు, రాతిలోంచి చుక్క చుక్క కారుతోంది, తెల్లటి నీళ్ళు, చల్లగా ఉన్నాయి. మేం తాగే నీళ్ళు కోసు దూరంలో కుంటలోవి, పశువులు దిగే నీళ్ళు. సుంకులు బిడ్డకు రెండు రోజులుగా జ్వరం, తాగింది తాగినట్టు కక్కుకుంటోంది. మంచినీళ్ళు పడితే నిలబడుతుందేమోనని అది మధ్యాహ్నం నుంచీ ఆ ఊట మాటే. మగవాళ్ళు మందు కూరి పైకొచ్చారు, వాన పట్టేలా ఉంది, మందు తడిస్తే మూడు రోజుల పని పోతుందని మేస్త్రి తొందరపడుతున్నాడు, మసక పడింది. పేర్లు పిలవడం మొదలుపెట్టాడు. నేను చెట్టు వైపు చూశాను. ఉయ్యాల ఊగుతోంది. మెల్లగా, ఎవరో కాలితో తోస్తున్నట్టు. ఇది అక్కడే ఉంది, బిడ్డకు పాలిస్తోంది అనుకున్నాను. సుంకులూ అని పిలిచాడు. నేను ఉన్నా అన్నాను.

అది చెట్టు దగ్గర లేదు. బిడ్డను ఉయ్యాలలో ఒక ఊపు ఊపి, ఇత్తడి ముంత తీసుకుని, అవతలి గట్టున కాళ్ళకోసం చెక్కిన మెట్ల మీదుగా దిగింది, మట్టికుప్ప అడ్డం, ఎవరికీ కనబడలేదు. మందు కూరిన బావిలోకి ఎలా దిగిందని అడుగుతారేమో. ఎందుకు దిగదు? పేరుకు పలుకు రాకపోతే నిప్పు అంటించరని, తాను చెట్టు దగ్గర ఉంటేనే నేను పలుకుతానని దానికి తెలుసు కదా. ఆ ధైర్యంతోనే దిగింది. పైన తన పేరు పిలవడం విని, పలక్కుండా, ముంత నిండేదాకా నోరు మూసుకుని కూర్చునే ఉంటుంది. తర్వాత నా గొంతు కూడా వినే ఉంటుంది.

పొద్దున మగవాళ్ళు దిగారు. నేను చూడలేదు, నన్ను చూడనీయలేదు. ముంత మాత్రం పైకి తెచ్చారు, గూట్లో నిలబడే ఉందట, నిండా నీళ్ళతో.

గుంపు ఆ రోజే డేరాలు పీకేసింది. మేస్త్రి చనిపోయేదాకా ‘నా చెవులతో విన్నాను, అది పలికింది’ అంటూనే ఉన్నాడు. ఎవరు పలికారని ఎవరూ నన్ను అడగలేదు. బావి నిండింది, పొర్లింది, ఒక్కరూ తాగలేదు. ఇప్పుడు ఏటా ఈ రోజుల్లో, వానలు కాస్త తెరిపిచ్చిన సాయంత్రాల్లో, బావిలోంచి ఆడగొంతు ఒకటి పేర్లు పిలుస్తుంది, మా మేస్త్రి పిలిచినట్టే, ఒక్కొక్క పేరూ, మధ్యలో ఆగుతూ. గట్టు మీద ఎవరుంటే వాళ్ళ పేర్లు. ఎవరి పేరుకు వాళ్ళు పలికితే ఏమీ కాదు. గొర్రెల ఓబయ్య, వాడి తమ్ముడు పుల్లన్న ఒకసారి అక్కడ మంద ఆపారు. తమ్ముడు తప్పిపోయిన మేకపిల్ల కోసం పోయాడు. పుల్లన్నా అని పిలుపు వచ్చింది, ఎవరో ఊరివాళ్ళు అనుకుని, ఉన్నాడులే అన్నాడు అన్న. తెల్లవారి చూస్తే పుల్లన్న బావిలో మెట్ల మీద నడుం లోతు నీళ్ళలో నిలబడి ఉన్నాడు. చావలేదు. కానీ ఆ తర్వాత పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూసేవాడు కాదు, కట్టుకున్న పెళ్ళాం పిలిచినా సరే. అది ఎవరినీ చంపాలని పిలవదు. లెక్క సరిచూసుకుంటోంది. ఆఖరున తన పేరే తాను పిలుచుకుని, ఆగుతుంది. చాలాసేపు ఆగుతుంది. నేను రెండుసార్లు పోయి చెట్టు చాటున నిలబడి విన్నాను. పలకలేదు. ఇంకేం మొహం పెట్టుకుని పలుకుతాను?

ఆ బిడ్డ ఏమైందంటారా? మేకపాలు పోసి నేను పెంచాను. మీకు పొద్దున ఉప్మా పెట్టింది, అదే, మా తులశమ్మ. మా అమ్మ ఎలా పోయిందని చిన్నప్పుడు అడిగేది, మందు పేలి పోయింది అని చెప్పేదాన్ని. అది అబద్ధం కాదు. ఇందాకటిదాకా పొయ్యి దగ్గర కూర్చుని ఇదంతా విన్నది, విననీయండి. దాని ఇష్టం, రేపటి నుంచి నాకు అన్నం పెడితే పెడుతుంది, లేకపోతే లేదు.

కాబట్టి నాయనలారా, దొడ్డిబండకు పొండి. అక్కడ రాళ్ళు గుచ్చుకుంటాయి, దోమలుంటాయి, అయినా పొద్దున ఎంతమంది పడుకున్నారో అంతమందీ లేస్తారు. బావి దగ్గరికి పోవద్దు, అక్కడ చూసేందుకేమీ లేదు. ఆ ఉయ్యాల కూడా వదిలెయ్యండి, ఇంకోటి కొనుక్కోవచ్చు.

ఏమ్మా తులశమ్మా, ఎక్కడికి పోయొచ్చావు ఆ టార్చి పట్టుకుని? ఏమంటున్నావు? పదకొండు విస్తళ్ళు వేశావు, ఒకటి వడ్డించినట్టే ఉంది, అందుకని చూశావా? గుడారం ఖాళీనా? చెప్పులు కూడా లేవా?

లేవండి. అందరూ లేవండి, లైట్లు తీసుకోండి. వైదేహమ్మా, ఆ కాగితం ఇలా చూపించు, పదకొండు పేర్లకూ గుర్తులు పెట్టావు కదా. నేను కూడా మంచం మీంచి విన్నాను, పదకొండూ పలికాయి. నన్ను చూసి భయపడకండి, నేనేమీ అనను, అనే హక్కు నాకు లేదు. చెప్పండి, కౌశిక్ అన్నప్పుడు ‘ఉన్నా’ అన్నది మీలో ఎవరు?