తొమ్మిది వోల్టుల శ్రుతి

సింగపూర్ సెంగ్‌కాంగ్‌లో సంగీతం టీచర్ హైమావతి గారి ఫ్లాట్. శనివారం మధ్యాహ్నం రెండున్నర. పై అంతస్తు అమ్మాయి రుమానా చిన్న సంచీతో వచ్చింది.

“వద్దులేవే తల్లీ. ఫోన్ చార్జరుతో శ్రుతిపెట్టె ఏవిటి? ఉన్న పెట్టె కాస్తా కాలిపోతుంది.”

“కాలదు ఆంటీ. మొదలు చూడనియ్యండి. కాలిన వాసన అడాప్టర్‌లకెల్లి వచ్చిందా, పెట్టెలకెల్లి వచ్చిందా?”

“అడాప్టర్లోంచే. పొద్దున్న రిహార్సల్ మధ్యలో టప్‌మంది. సాయంత్రం ఐదింటికి కింద హాల్లో తొమ్మిదిమంది పిల్లలు పాడాలి. మీ అంకుల్ ఈ పిన్నున్న అడాప్టర్ కోసం షాపులన్నీ తిరిగొచ్చి, మళ్ళీ వెళ్ళారు.”

“ఫోన్ల శ్రుతి యాప్ ఉంటది గదా?”

“అది దోమ పాట. ఈ పెట్టె నేను విజయనగరం నుంచి విమానంలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకున్నది. పిల్లలంతా దీనికే అలవాటుపడ్డారు. ఇంతకీ నిన్నెవరు పంపారే?”

“లిఫ్ట్‌ల కేశవరావు అంకుల్ కలిసిన్రు. ‘మా ఆవిడ అన్నం ముట్టలేదమ్మా’ అన్నరు.”

“ఆయనకి బ్లాకంతా చెప్పందే తోచదు. నువ్వు... అప్పుడెప్పుడో నా దగ్గర నేర్చుకోడానికి వచ్చావు కదూ?”

“రెండేండ్లయింది. ఆరు వారాలొచ్చిన. పెట్టె వెనక చిన్న అక్షరాలు ఏం రాసున్నయో చదవండి, నా అద్దాలు ఇంట్లనే మర్చిపోయిన.”

“తొమ్మిది వి. పక్కన గుండ్రంగా ఏదో బొమ్మ. లోపల చుక్క, ఆ చుక్కకి మైనస్సు.”

“అబ్బ, మంచిగ చూసిన్రు. లోపలి పిన్ను మైనస్. ఉల్టా పెడితే నిజంగనే కాలేది. ఇగో, ఈ బిళ్ళ చూడండి.”

“ఇదా! తపాలా బిళ్ళంత లేదు.”

“ట్రిగ్గర్ బోర్డంటరు. ఒక దిక్కు ఫోన్ చార్జర్ వైరు, ఇంకో దిక్కు మీ పెట్టె. చార్జర్‌ను ఊకె వదిలేస్తే అయిదు వోల్టులే ఇస్తది. ఈ బిళ్ళ పోయి ‘నాకు తొమ్మిది కావాలె’ అని అడుగుతది. అడిగినంత ఇస్తది.”

“అడగందే అమ్మైనా అన్నం పెట్టదని.”

“గంతే ఆంటీ! క్లాసుల చెప్పినట్టు ఎంత మంచిగ చెప్పిన్రు.”

“పొగడ్తలాపు. దాని మీద పన్నెండు అని కనిపిస్తోందేవిటే? గుచ్చకు, గుచ్చకు!”

“గుచ్చుతలేను. మొన్న మా బాల్కనీల పుదీన మొక్కల లైటుకు పన్నెండు పెట్టిన, గదే యాదికుంచుకున్నది. మొదలు తగ్గించాలె. తర్వాత ఈ వోల్టు మీటర్‌తోని చూడాలె. ఆ తర్వాతనే పెట్టె. ఇగో, తొమ్మిది.”

“ఉండు. దండం పెట్టుకోనీ.”

“పెట్టుకోండి. నేను బిస్మిల్లా అనుకుంట. ఇద్దరం అడిగితే ఇయ్యకుంట ఉంటదా?”

“ఆఁ... అమ్మయ్య! మోగిందే! నా బంగారు తల్లివే! అదే నాదం, చూడు, ఏనుగు గున్నలా ఎలా ఘీంకరిస్తోందో.”

“ఒకసారి పాడండి ఆంటీ. సరిగున్నదో లేదో తెలుస్తది.”

“సా... పా... సా... దివ్యంగా ఉంది.”

“ఆపకండి. క్లాసులెక్క పాడుతనే ఉండండి.”

“ఏం, పరీక్షా? సరే. సరిగమ పదనిస... సనిదప మగరిస...”

“ఇంకా.”

“ఇదిగో, సరళీ వరసలూ అయ్యాయి, జంట వరసలూ అయ్యాయి. అలా చూస్తావేం? పెట్టెకి ఏవైనా అయిందా?”

“పెట్టెకు ఏం కాలేదు.”

“అవలేదంటే ఎలా? ఇందాకటి నుంచి పైకెక్కుతోంది. నీ బిళ్ళ ఎక్కువిస్తున్నట్టుంది.”

“ఎక్కుతలేదు ఆంటీ. మీటర్ చూడండి, తొమ్మిది. ఫోన్ల ఈ గీత చూడండి, పెట్టె స్వరం ఇది. కదుల్తలేదు.”

“మరి కదిలిందెవరు?”

“కోపం చేయకండి.”

“చెప్పు.”

“మీరు. మీరు దిగిన్రు.”

“నోరు జాగ్రత్త! నలభై ఏళ్ళ సాధనే నాది. నేను దిగడవేవిటి?”

“అందుకే చెప్పనన్న.”

“అనలేదు నువ్వు.”

“అనుకున్న. ఒక్కటి చూపిస్త, ఆ తర్వాత తిట్టండి. ఈ బటన్ ఒక్కసారి నొక్కితే ఒక వోల్టుల పదో వంతు తగ్గుతది. వినండి. ఎనిమిదిన్నర... ఎనిమిది...”

“దిగుతోంది.”

“ఏడున్నర.”

“ఆఁ! ఆపు! అదే! అదే నా శ్రుతి. క్లాసు చివర్లో సరిగ్గా ఇలాగే ఉంటుంది. సా... చూశావా, ఎలా కలిసిపోయిందో?”

“క్లాసు చివర్ల కదా. మరి మొదట్ల?”

“మొదట్లో... మొదట్లో ఇందాకటి లాగే.”

“అడాప్టర్ చల్లగున్నప్పుడు తొమ్మిది ఇచ్చేది. వేడెక్కినకొద్ది దిగేది. దాంతోని పెట్టె దిగేది. పెట్టెతోని...”

“చెప్పకు.”

“చెప్పను.”

“ఆ అడాప్టర్ మూడేళ్ళ కిందటిది. పాతది పోతే మీ అంకుల్ ఎక్కడో చవగ్గా దొరికిందని పట్టుకొచ్చారు. పిల్లలూ నేనూ దాంతో కలిసి మెల్లిగా... ఉండు. నువ్వొచ్చింది రెండేళ్ళ కిందట అన్నావా?”

“ఛాయ్ ఉన్నదా ఆంటీ?”

“ఛాయ్ తర్వాత. క్లాసు సగానికి వచ్చేసరికి నువ్వు పైకి పోతున్నావని పంపించేశాను కదూ? ‘నీకు చెవి లేదమ్మా, ఇంకేవైనా నేర్చుకో’ అన్నాను.”

“నేర్చుకున్న గదా. ఇదే.”

“పెట్టె దిగుతోందని ఆ రోజే చెప్పొచ్చు కదే!”

“చెప్పిన. ‘ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది’ అన్నరు. అందరి ముందల. పిల్లలు నవ్విన్రు. ఇంటికి పోయి మస్తు ఏడ్చిన. తెల్లారి మీటర్ కొన్న.”

“అయ్యయ్యో! ఎంత మాటన్నానే. నీ తర్వాత ఆమని అనే పిల్లనీ ఇలాగే పంపించేశాను.”

“ఆంటీ, గవన్నీ తర్వాత. ఇంక రెండు గంటలే ఉన్నది.”

“ఉండి ఏం లాభం? పెట్టె ఇప్పుడు దిగదు. పిల్లలు తొమ్మిదిమందీ దిగుతారు, నేను నేర్పినట్టే. వీణ జనార్ధనరావు గారు ముందు వరసలో కూర్చుంటారు. ఆయన చెవి పాము చెవి. నా తల ఎక్కడ పెట్టుకోను?”

“దానికి ఉపాయం ఉన్నది. నేను తెర వెనక కూసుంట. పిల్లలు దిగినప్పుడల్ల ఈ బటన్ నొక్కుత. పిల్లలతోని పెట్టె. క్యాన్ లా, అయితది, ఎవరికీ తెల్వది.”

“జనార్ధనరావు గారికి?”

“కొంచెం కొంచెం దించితే ఆయన కూడ మనతోనే దిగుతరు.”

“పాపిష్టిదానా, నవ్వించకు! నిజంగా ఎవరికీ తెలీదంటావా?”

“మీకు, నాకు. గంతే.”

“నిన్ను అంత మాటన్న నన్నే కాపాడతానంటున్నావే?”

“మీరు పాడుతుంటే మంచిగుంటది ఆంటీ. మా బాల్కనీలకు వినిపిస్తది. రెండేండ్ల సంది వింటున్న.”

“...పెట్టెని తొమ్మిదికి తే.”

“తెచ్చిన.”

“నువ్వు సా పట్టు.”

“నేనా? వద్దు ఆంటీ. గొంతు పోయింది.”

“పట్టవే!”

“సా...”

“ఆపకు. ఊపిరి తీసుకుని మళ్ళీ అక్కడే పట్టు. మీ అంకుల్ బెల్లు కొట్టినా ఆపకు.”

“సా... సా...”

“ఇంకా.”

“సా...”

“చాలు. గడియారం చూస్తూనే ఉన్నాను. పది నిమిషాలు. వెంట్రుకవాసి కదల్లేదు నువ్వు.”

“ఇప్పుడన్న ఛాయ్ ఇస్తరా?”

“పాలు పొయ్యి మీద పెట్టే ఉన్నాయి. నువ్వు ముందు ఆ బటన్ మీద టేపు అంటించు, ఎవరూ నొక్కకుండా. నేను కూడా నొక్కకుండా. సాయంత్రం నువ్వు తెర వెనక కాదు, పిల్లల మధ్యన కూర్చో. వాళ్ళు జారినప్పుడు నీ సా పట్టుకుని పైకొస్తారు. నేనూ నిన్నే పట్టుకుంటాను.”

“చెవి లేదని పంపించిన అక్క మళ్ళ ఎందుకొచ్చిందని పిల్లలు అడుగుతరు. ఏం చెప్తరు?”

“వాళ్ళు అడిగేదాకా ఎందుకు? జనార్ధనరావు గారి ముందే మైకులో చెప్తాను, ఆ రోజు మద్దెలే ఓడని.”