దారం చూసి తాగాలె

సకల జనుల సమ్మె రోజులు. బస్సులు బంద్. కరెంటు లేక బట్ట నేసే సాంచాలు ఆగిపోయిన ఒక మధ్యాహ్నం, సిరిసిల్లలో సత్యవ్వ వంటింట్లో ముగ్గురున్నారు: సత్యవ్వ, ఆమె కూతురు జమున, గోనెసంచి పక్కన పెట్టుకొని పీట మీద కూర్చున్న హెడ్ కానిస్టేబుల్ మైసయ్య.

"గీ క్యాన్ల నీళ్ళా? అక్కా, దీని మీద ఏం రాసున్నదో చూసినవా? ఇంజను ఆయిలు!"

"మా ఇంట్ల రాసింది చూసి తాగద్దు సారూ. దారం చూసి తాగాలె. దాని మెడకు ఎర్రదారం ఉన్నదా లేదా?"

"ఉన్నది."

"ఎర్రది ఉంటే నోట్లెకు పోయేది. నల్లది ఉంటే పోవద్దనేది. గంతే. తాగుండ్రి."

"నీళ్ళకు రాలేదక్కా నేను. కోరుట్ల ఠాణా నుంచి ఈడి మా ఠాణాకు ఈ సంచి పంపిన్రు—"

"నా కొడుకు నరేశ్‌ను కొట్టిన్రా?"

"కొట్టలే."

"కొట్టిన్రా సారూ?"

"కొట్టలేదంటున్న గదా. మాది తంగళ్ళపల్లి, పక్కూరోన్ని, నీకు అబద్ధం చెప్తనా? లాకప్పుల కూసున్నడు పిలగాడు. ఏమడిగినా నోరు తెరుస్తలేడంట. గందుకే నన్ను నీ తానకు పంపిన్రు."

"మా అన్నను ఎందుకు పట్టుకున్నరు సార్?"

"నువ్వు ఊకో జమునా, నేను అడుగుత. ఏం చేసిండని పట్టుకున్నరు సారూ?"

"నిన్న పొద్దుగూకంగ, కోరుట్ల చౌరస్తల దీక్ష టెంటు ఉన్నది గదా, తెలంగాణకు పాణాలిచ్చిన పిలగాండ్ల ఫోటోలు పెట్టింది, దాని ఎనుక ఒక్కడే నిలవడ్డడు. చేతుల క్యాను. మావోళ్ళు పట్టుకుంటే గుంజులాటల అంత ఒలికిపోయింది. పెట్రోలు వాసనంటున్నరు. బస్సు కాలవెట్టనీకి వచ్చిండని కేసు రాస్తరట."

"ఏ బస్సు?"

"ఏ బస్సంటే..."

"చెప్పుండ్రి. రోడ్డు మీద ఒక్క బస్సన్న తిరుగుతున్నదా? అన్ని డిపోల తాళం లోపల ఉండె. కాలవెట్టెటోడు బస్సులున్న కాడికి పోతడు గని, టెంటు ఎనుక నిలవడ్తడా?"

"గా మాట నేను సుత ఫోన్ల అన్న."

"అంటే?"

"బస్సుకు గాకపోతే దేనికి పట్టుకొచ్చిండో నువ్వే చెప్పుమన్నడు ఎస్సై. గా జవాబు నీ తాన తీసుకుందామనే వచ్చిన."

"జవాబు నా తాన ఉన్నది. అది పెట్రోలు గాదు, పల్లినూనె. పోయిన మంగళవారం నేనే పోసి పంపిన. వాడు ఆడ చదువుకుంట రూముల వండుకొని తింటడు. మా పక్కింటి పోశం బండి మీద కోరుట్ల పోతుంటే ఆయన చేతికిచ్చిన. కావాల్నంటే పిలుస్త."

"మరి వాసన?"

"వాసన క్యానుది సారూ. మోటర్ల షాపోడు పారేస్తుంటే తెచ్చిన. గంజి పోసి, బూడిద పెట్టి తోమి, ఎండల ఎయ్యాలె. అయినా ఒక్కోదానికి పాత వాసన పోదు. గా బియ్యం పోసింది ఏందనుకున్నరు? గోడలకేసే రంగు డబ్బ. పప్పులున్నయి గల్ఫు పాలపొడి డబ్బలు, మా ఆడిబిడ్డ ఇంట్ల తెచ్చిన. ఉప్పు సీస చూడుండ్రి."

"తలనూనె సీస."

"మూత పోతే గుడ్డ కట్టిన. మా ఇంట్ల ఏ డబ్బ మీద ఏది రాసున్నదో దాన్ల అది ఉండదు."

"మా దోస్తులు ఇంటికొస్తే చాయ్ సుత తాగరు సార్. చక్కెర డబ్బ మీద బొద్దింకల బొమ్మ ఉంటదని."

"ఏమైంది? బొమ్మ ఉన్నది గని బొద్దింకలు లేవు గదా! సార్‌కు గివన్ని చెప్తరా బిడ్డా?"

"చెప్పనియ్యక్కా. నాకు గివ్వే కావాలె. ఎస్సై ఏమన్నడంటే, పిలగాని తల్లి క్యాను చూసి, ఇది మాదే, తినే నూనె పోసి పంపిన అని గుర్తుపడ్తె, సంతకం పెట్టిచ్చుకొని ఇడిసిపెడ్తమన్నడు. లేకుంటే రేపు కోర్టు, ఆడి నుంచి జైలు."

"మాదే. తినేదే."

"ఉత్తగ మాట చెప్తె నమ్మరు. నిశాని ఉండాలె."

"దారం ఉన్నది గదా సారూ! నేను ఎర్రదారం కట్టి పంపిన. గంతకన్న నిశాని ఏం గావాలె?"

"అగో! గీ ముచ్చట బాగున్నది. మొత్తం ఇంట్ల గిట్లనే కడ్తరని నేను కండ్లార చూసిన అని రాస్త. దారాలు ఎప్పటిసంది కడ్తున్నవక్కా?"

"ఎప్పటిసందో."

"ఎప్పటిసందో అంటే ఎట్ల? రాయాలె గదా."

"మా చిన్నన్న సార్—"

"జమునా."

"చెప్తేంది అవ్వా? అన్నను ఇడిసిపెడ్తరంటే చెప్పద్దా?"

"...నేనే చెప్త. నరేశ్ కింద ఇంకొకడుండె సారూ. బడికి పోవుడు అప్పుడప్పుడే మొదలువెట్టిండు. కూల్‌డ్రింకు సీసల పురుగుల మందు ఉండె. దూపై తాగిండు."

"అయ్యో."

"నరేశ్ ఎదురుంగనే ఉండె. ఏం తాగుతున్నడో వానికీ తెల్వదు. మీద కూల్‌డ్రింకు బొమ్మనే ఉండె గదా. అప్పటిసంది మా ఇంట్ల దారం లేని సీస లేదు. నేను మర్చిపోతనేమో గని వాడు మర్చిపోడు. సుట్టాలింటికి పోయినా ఆళ్ళ కిరసనాయిలు డబ్బకు నల్లదారం కట్టొస్తడు. నవ్వుతరు అందరు."

"నవ్వేది గాదక్కా అది."

"గసొంటోడు ఒకని సొమ్ము కాలవెడ్తడా సారూ? మీరే చెప్పుండ్రి. ఇంకొకటి ఇనుండ్రి. నేను ఎన్ని డబ్బలు పంపినా ఇన్నేండ్లల ఒక్కటి వాపసు తేలే. పచ్చడి సీసలు ఆన్నే, పిండి డబ్బలు ఆన్నే. ఫోన్ల ఎన్నిసార్లు తిట్టిననో. మొన్న పోశం ఎంబడి అన్ని పంపిండు. ఒక్కటి తక్కువ గాకుంట. శుభ్రంగ తోమి, మూతలు తుడిచి."

"బుద్ధొచ్చిందన్నట్టు."

"నాకెంత సంబురమైందో! ఈ నూనె క్యాను ఒక్కటే ఉంచుకున్నడు."

"నూనె రూము పిలగాండ్లకు పంచిండట గదా? మావోళ్ళు పోయి అడిగితే గట్ల చెప్పిన్రు."

"పంచిండా? దేన్ల పోసిచ్చిండు?"

"ఆళ్ళాళ్ళ గిన్నెలల్ల. మాకు ఎందుకిస్తున్నవురా అంటే, మా అవ్వ ఎక్కువ పంపింది అన్నడట."

"ఎక్కువ ఏడ పంపిన? నెలకు సరిపోయేంత పంపిన."

"అన్నకు ఎవ్వలన్న అడిగితే లేదనుడు రాదు సార్. మొన్న ఫోన్ల నన్ను సుత, నా సైకిలు నువ్వే నడుపుకో అన్నడు."

"సైకిలా? నాతోని అనలే."

"గది ముచ్చటా అవ్వా నీకు చెప్పనీకి?"

"సరే, సరే. సంచి మూతి కట్టే ఇచ్చిన్రు, నేను సుత ఇప్పలే. ఇప్పుత. ఎర్రదారం ఇద్దరు చూడుండ్రి. జమునా, జర కిటికీ తెరువు బిడ్డా, ఎలుగు సాలదు."

"తెరిచిన సార్."

"ఆఁ. ఇగో. ఇదేనా అక్కా?"

"ఇదే. మూత కాడ సొట్ట. మాదే."

"అవ్వా..."

"చూస్తున్న."

"అవ్వా, దారం—"

"చూస్తున్నన్న గదా."

"ఏందక్కా? ఇది... ఇది నల్లదేంది?"

"నల్లదే."

"తొందరల నువ్వే కట్టినవేమో. మర్చిపోయి."

"మర్చిపోను సారూ. నేను ఎర్రదే కట్టిన. ఇది తెంపి మల్ల కట్టింది. ముడి చూడుండ్రి, రెండు పేటలు ఏసి కొస లోపలికి దోపింది. ఈ ముడి మా ముగ్గురికే వస్తది."

"అంటే పిలగాడే—"

"రూముల తోటి పిలగాండ్లున్నరు గదా. నూనె ఇచ్చిన క్యానే అనుకోని ఎవ్వలన్న వంచుకుంటరేమోనని నల్లది కట్టిండు."

"అక్కా..."

"సారూ, కోరుట్లల బస్సులు నిజంగ తిరుగుతలెవ్వా?"

"తిరుగుతలెవ్వు."

"ఒక్కటి సుత?"

"ఒక్కటి సుత లేదు."

"డబ్బలన్ని తోమి పంపిండు సారూ. నేను సంబురపడ్డ."

"కూసో. ముందుగాల నువ్వు కూసో. జమునా, అవ్వకు నీళ్ళియ్యి."

"వద్దు."

"ఇటు చూడక్కా. సంచి ఇప్పింది నేనే, మల్ల కట్టేది నేనే. నాకు సుత గీ ఈడు పిలగాడున్నడు. ఒక ఎర్రదారం పోగు ఇయ్యి. మీ ముడే ఏసియ్యి. ఎర్రది చూసిన అని నేను రాస్త. దీపాలు పెట్టే యాళ్ళకు పిలగాడు మీ ఇంట్ల ఉంటడు. నల్లదారంతోని గిది వాపసు పోయిందనుకో, జైలే. చదువు పోతది, రేపు నౌకరికి సుత అడ్డమే."

"నేను తెస్త సార్. గంపల మస్తున్నది—"

"ఆగు బిడ్డా. సారూ, లాకప్పుల వాడు ఒక్కడే ఉన్నడా?"

"లేదు. ఇంకా నలుగురు పిలగాండ్లున్నరు."

"రాత్రి లైటు ఉంటదా?"

"ఉంటది. బయట సెంట్రీ ఉంటడు."

"నిద్రపోతడా ఆయన?"

"పోతె నౌకరి పోతది. మార్చి మార్చి కూసుంటరు."

"జేబులు చూస్తరా?"

"అన్ని చూస్తం. అగ్గిపెట్టె, బెల్టు, ఏం ఉంచం."

"జైల్ల సుత గంతేనా?"

"గంతే. ఎందుకడుగుతున్నవక్కా? నేను ఇంటికి పంపిస్తనంటున్న గదా."

"ఇంట్ల నేనొక్కదాన్నే సారూ చూసుకునేది. ఎంత మేలుకున్నా మనిషిని. తెల్లారగట్ల కన్నంటుకుంటది."

"అవ్వా, సార్ ఇస్తనంటున్నడు! లెవ్వు, గంప నిండ దారమే ఉన్నది. నేను తెస్త—"

"కూసో జమునా. మనింట్ల ఎర్రదారం లేదు."