చార్టమ్మగారూ, ఆవిడ తీసేయని బ్లాగూ

పంతొమ్మిది వందల ఎనభై తొమ్మిది జూన్ పన్నెండో తేదీ, సోమవారం ఉదయం, మా పెద్ద తోడికోడలుగారు ఈ బస్సు డిపోలో డ్యూటీ చార్టు విభాగపు గుమాస్తాగా బాధ్యతలు స్వీకరించారు. ఏ బస్సును ఏ డ్రైవరు, ఏ కండక్టరు, ఏ వేళకు తీసుకుపోవాలో నిర్ణయించి, మర్నాటి పట్టికను ముందురోజు సాయంత్రానికల్లా గేటు పక్క గోడకు అంటించడం ఆ విభాగం పని. ఆనాటి నుంచి ఈనాటి వరకు, నడుమ ఒక కొద్దికాలం మినహా, వారు ఆ కుర్చీని వదలలేదు. ఆ కొద్దికాలం గురించి రాయడానికే నేను ముఖ్యంగా కలం పట్టాను.

ఇటువంటి పదవీ విరమణ సంచికలో అభినందన వ్యాసం సహోద్యోగి రాయడం ఆనవాయితీ. నేను ఉద్యోగిని కాను, గృహిణిని. వారు పై వాటాలో, నేను కింది వాటాలో, వంటిల్లు మాత్రం ఇద్దరికీ ఒకటే. అయినా సంచిక సంపాదకులు నన్నే రాయమన్నారు. వారి బ్లాగులో వచ్చిన ప్రతి వ్యాసాన్నీ ముందుగా విన్నదాన్ని, విని కత్తిరించినదాన్ని నేనే గనుక, ఆ ఒక్క పనిలోనైనా మేము సహోద్యోగినులమే.

ఉద్యోగ జీవితపు తొలి దశలో వారి సాధనాలు ఒక పెద్ద కాగితం, ఒక పెన్సిలు, ఒక రబ్బరు. పేర్లు పెన్నుతో ఎందుకు రాయరని ఒకసారి అడిగాను. "పెన్నుతో రాస్తే మనిషి కదలడు చెల్లీ. మనుషులకు జ్వరాలొస్తాయి, పురుళ్ళొస్తాయి, పంతాలొస్తాయి. వాటన్నిటికీ చోటుండాలి కదా!" అన్నారు. ఎవరి కళ్ళకు రాత్రి వెలుతురు సరిపడదో, ఎవరి భార్య ఆసుపత్రిలో ఉందో, ఏ ఇద్దరిని ఒకే బస్సు ఎక్కిస్తే దారిపొడుగునా తగువేనో వారికి కంఠోపాఠం. డ్రైవర్లు ఆప్యాయంగా పెట్టిన 'చార్టమ్మ' అనే పేరు క్రమంగా కార్యాలయమంతటికీ పాకి, చివరికి మా బావగారు కూడా "చార్టమ్మగారూ, ఇవాళ నాకు ఏ డ్యూటీ వేశారు?" అని అడిగే దాకా వచ్చింది. బావగారికి ఎక్కువగా కూరగాయల డ్యూటీయే పడేది.

ఎక్కడా రాసిలేకపోయినా వారు ఎన్నడూ తప్పని నియమం ఒకటుండేది. చివరి బస్సును డిపోకు చేర్చినవాడికి మర్నాడు తొలి బస్సు ఇవ్వకూడదు. నిద్ర చాలని మనిషి చేతికి స్టీరింగు ఇవ్వడమంటే, వెనక కూర్చున్న బస్సెడు ప్రాణాలను గాలిలో దీపంలా వదిలేయడమేనని వారి నిశ్చితాభిప్రాయం.

కాలక్రమంలో డిపోకు కంప్యూటరు వచ్చింది. దానిని వారు మనసారా స్వాగతించారు. శిక్షణకు అందరికంటే ముందు వెళ్ళి, అందరికంటే ఎక్కువ ప్రశ్నలు వేసి వచ్చారు. కానీ చార్టును తనంతట తానే తయారుచేసే కొత్త ప్రోగ్రాం వచ్చాక చిక్కులు మొదలయ్యాయి. అది బస్సులను లెక్కపెట్టగలదు, మనుషులను లెక్కపెట్టగలదు. మనిషి అలసిపోతాడన్న సంగతి మాత్రం దానికి తెలియదు. చివరి బస్సు తెచ్చినవాడి పేరే తెల్లవారి మొదటి బస్సు ఎదురుగా వేసేది. వారు సాయంత్రమంతా కూర్చుని ఒక్కొక్క పేరూ మార్చితే, సేవ్ నొక్కే సమయానికి గడువు ముగిసిందంటూ బయటికి నెట్టేది. మళ్ళీ పాస్‌వర్డు, మళ్ళీ మొదటి నుంచి. విసిగి వేసారి ఇంటికొచ్చి, ఉల్లిపాయలు తరుగుతున్న నా ఎదుట కూలబడి, "ఈ కోపాన్ని ఎక్కడ పెట్టుకోను చెల్లీ?" అన్నారు.

"నా మీద పెట్టడం మానేస్తే నాకదే పదివేలు" అన్నారు బావగారు హాల్లోంచి.

అలా పుట్టింది 'చార్టు వెనక' అనే బ్లాగు. దానిని తెరవడం, అందులో వ్యాసం పెట్టడం, బొమ్మ చేర్చడం అన్నీ వారు స్వయంగా నేర్చుకున్నారు. పాత చార్టుల వెనక తెల్లగా మిగిలిన వైపున చిత్తుప్రతి రాసేవారు. దానిని వంటింట్లో నాకు చదివి వినిపించేవారు. నాకు అర్థం కాని మాట ఉండకూడదన్నది నేను పెట్టిన షరతు. మనుషుల పేర్లూ తిట్లూ ఉండకూడదన్నది ఇద్దరం కలిసి పెట్టుకున్నది.

మొదటి వ్యాసంలో ప్రోగ్రాంను రాక్షసి అన్నారు. నేను ఆపాను.

"రాక్షసి అని మనమెందుకనాలక్కా? అదేం చేసిందో రాస్తే, చదివినవాళ్ళే అనుకుంటారు."

"నీ చేతిలో పడితే నా కోపం కూడా ఇస్త్రీ బట్టలా తయారవుతుందే!" అని సణుగుతూనే కొట్టేశారు. కొట్టేసిన చోట రాసిన వాక్యం నాకిప్పటికీ గుర్తు. "ఏదో పొరపాటు జరిగింది అని ఈ యంత్రం రోజూ చెబుతుంది. మా అత్తగారూ అలాగే అనేవారు. కాకపోతే ఏం పొరపాటో ఆవిడ భోజనాల వేళకైనా చెప్పేవారు." దాన్ని మాత్రం నేను ముట్టుకోలేదు.

ఎవరు రాస్తున్నారో తెలియకుండానే ఆసుపత్రుల్లో, బడుల్లో, గిడ్డంగుల్లో పనిచేసేవారు ఆ బ్లాగు చదవసాగారు. "మా దగ్గరా ఇదే బాధ" అని కింద రాసేవారు. ఎవరైనా ఉపాయం చెబితే, వారు దాన్ని స్వయంగా చేసి చూసి మరీ జవాబిచ్చేవారు.

ఇక్కడ ఒక ఉదంతం చెప్పకపోతే ఈ వ్యాసం అసంపూర్ణం. కొన్నేళ్ళకు గోడ మీది చార్టుతో పాటు డిపో ఫోను గ్రూపులోనూ చార్టు పెట్టడం మొదలైంది. ఒక సాయంత్రం వారి ఫోనులో రెండు సిద్ధంగా ఉన్నాయి. ఒకటి మర్నాటి చార్టు, రెండోది 'నిద్రకు గడి లేదు' అన్న కొత్త వ్యాసం. విశ్రాంతి గంటలు నమోదు చేసే చోటే ఈ ప్రోగ్రాంలో లేదని అందులో రాశారు. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి. నేను కేకేశాను, వారు ఒకటి కాపీ చేసి గ్రూపులో పెట్టి, పాలు దింపడానికి పరుగెత్తారు. గ్రూపులో పడింది చార్టు కాదు, బ్లాగు చిరునామాతో సహా ఆ వ్యాసం.

మొదట ఫోను చేసింది ఒక పాత డ్రైవరు.

"చార్టమ్మగారూ, ఇందులో నా పేరెక్కడుందండీ? కళ్ళద్దాలు మార్చి మరీ చూశాను."

ఒక్క క్షణంలో విషయం గ్రహించిన వారు, ఏమాత్రం తొణకకుండా, "నీ పేరు లేదు నాయనా, నీ నిద్ర గురించి ఉంది. పేరు ఇప్పుడు పంపిస్తాను" అన్నారు.

మరో డ్రైవరు, "అమ్మా, రేపు నాకు ఏ బస్సో తెలీలేదు గానీ, మీరు రాసింది మాత్రం మా ఆవిడ రెండుసార్లు చదివించుకుంది. ఇంకోటుంటే పెట్టమంటోంది" అన్నాడు.

ఆ గ్రూపులో మేనేజరుగారు కూడా ఉన్నారు. ఆయన నుంచి ఒకే వాక్యం వచ్చింది, "రేపు ఉదయం నా గదికి రండి" అని.

ఆ రాత్రి మా ఇంట్లో భోజనాల దగ్గర అదే చర్చ. "ఆ బ్లాగు తీసేస్తే పోలా? ఉద్యోగం కంటే ఎక్కువా అది?" అన్నారు బావగారు. దానికి వారిచ్చిన సమాధానం, "తప్పు రాసుంటే తీసేస్తానండీ. నిజం రాసి తీసేస్తే, రేపటి నుంచి అదే తప్పయిపోతుంది."

మర్నాడు గదిలో జరిగిన సంభాషణను వారు నాకు చెప్పినట్టే ఇక్కడ రాస్తున్నాను. ఈ భాగాన్ని ఇప్పటి ఈ సంచికలో ఉంచడానికి మేనేజరుగారు స్వయంగా అంగీకరించారని కూడా మనవి చేస్తున్నాను.

"ఇంటి గుట్టు వీధిలో పెడతారా అమ్మా?"

"పెట్టింది పొరపాటున సార్. రాసింది మాత్రం పొరపాటున కాదు."

"తీసేయండి. లేకపోతే మీరు చార్టు సీటులో ఉండటం కుదరదు."

"తీసేయను సార్. ఒక్క మాట తప్పని చూపించండి, అదే బ్లాగులో, అందరికీ కనిపించేలా, మొదటి పేజీలోనే దిద్దుతాను."

మధ్యాహ్నానికల్లా ఉత్తర్వు వచ్చింది. చార్టమ్మగారిని దొరికిన వస్తువుల గదికి మార్చారు. ప్రయాణికులు మరచిపోయిన గొడుగులు, టిఫిను డబ్బాలు, ఒంటి చెప్పులు చేరే చోటది. వారు పెన్సిలూ రబ్బరూ తీసుకుని, తలెత్తుకుని అక్కడికి వెళ్ళారు. ఇంటికొచ్చాక మాత్రం, రేపటి నుంచి చివరి బస్సు తెచ్చినవాడికి తొలి బస్సు పడితే ఎవరు చూస్తారని నన్ను పదే పదే అడిగారు. తన కుర్చీ గురించి అడగలేదు, దిగులుపడలేదు. ఆ చూసేవాళ్ళెవరన్నదే వారి బెంగ.

బ్లాగు ఆగలేదు. ఆ గదిలోనూ ఒక కంప్యూటరుంది, దానికీ ఒక ప్రోగ్రాం ఉంది. "ఒంటి చెప్పు ఎడమదో కుడిదో రాసే చోటు లేదు. అది తయారైన సంవత్సరం మాత్రం రాయకపోతే ముందుకు పోనివ్వదు. అందుచేత ఈ డిపోలోని చెప్పులన్నీ ఒకే ఏడాది పుట్టాయి" అని రాశారు. నేను నవ్వుతూనే చివరి వాక్యం తీసేయమన్నాను. వారు వినలేదు. వారే నెగ్గారు, పాఠకులు ఆ వాక్యాన్నే మెచ్చుకున్నారు.

ఇంతలో మేనేజరుగారు పట్టుదలతో ఆ బ్లాగు మొదటి నుంచి చదివారు. తప్పు వెతకడానికే చదివారు, వెతికి పట్టుకున్నారు కూడా. ప్రోగ్రాంలో విశ్రాంతి గంటలకు గడి ఉంది. అది సెలవుల పేజీలో, అడుగున ఉంది. సెలవులు వేరే విభాగం పని కనుక చార్టమ్మగారు ఆ పేజీ ఎప్పుడూ తెరవలేదు. ఈ కబురు రాగానే వారు పెన్సిలు అందుకున్నారు. "దిద్దుతానన్నాను, దిద్దాలి" అని ఆ సాయంత్రమే, "గడి లేదని నేను రాసింది తప్పు. గడి ఉంది, ఇదిగో ఇక్కడ" అని, దాన్ని ఎలా చేరుకోవాలో మెట్టుమెట్టుగా వివరిస్తూ మొదటి పేజీలో పెట్టారు. సంజాయిషీగా ఒక్క మాట కూడా నన్ను చేర్చనివ్వలేదు. ఈసారి నేను కత్తిరించాల్సిన అవసరమే రాలేదు.

వారి స్థానంలో చార్టు చూస్తున్న గుమాస్తా అమ్మాయి, ఆ వివరణ చూసుకుంటూ, మేనేజరుగారి ఎదుటే గడి తెరిచి గంటలు నింపి సేవ్ చేసింది. మళ్ళీ తెరిస్తే అందులో సున్నా ఉంది. మేనేజరుగారు తానే కూర్చుని నింపారు. సున్నా. ఇంకోసారి నింపారు. యంత్రం ఏదో పొరపాటు జరిగిందని చెప్పి బయటికి నెట్టేసింది. ఆయన కుర్చీ వెనక్కి జరిపి, "ఆవిడ్ని పిలవండి" అన్నారట.

తప్పు వెతకడానికి చదివినా చివరిదాకా చదివిన ఆ అధికారి పట్ల మా కుటుంబానికి నేటికీ గౌరవమే. ప్రోగ్రాం తయారుచేసిన సంస్థ నుంచి ఒక ఇంజనీరమ్మ వచ్చింది. "ఇంత వివరంగా రాశారు కదా ఆంటీ, మాకు ఒక్క ఫిర్యాదైనా పెట్టలేదేం?" అని నిష్ఠూరమాడింది.

"పెట్టబోయానమ్మా. ఫిర్యాదు పేజీ తెరిస్తే కూడా ఏదో పొరపాటే జరుగుతోంది."

ఆ అమ్మాయి పకపకా నవ్వి, బ్యాగులోంచి కంప్యూటరు తీసి వారి పక్కనే కూర్చుంది. ఆ వారమంతా ఇద్దరూ ఒకే బల్ల దగ్గర పనిచేశారు. గడి పనిచేయడం మొదలైన రోజే చార్టమ్మగారికి కుర్చీ తిరిగి దక్కింది. ఆనాటి నుంచి చివరి బస్సు తెచ్చినవాడికి తొలి బస్సు వేయబోతే, ఆ ప్రోగ్రామే ఒప్పుకోవడం లేదు. దానికి ఇప్పటికీ గడువులు ముగుస్తూనే ఉన్నాయి, పాస్‌వర్డులు మారుస్తూనే ఉండాలి. అందుకే బ్లాగుకు విషయాల కరువు రాలేదు.

మొన్న మేనేజరుగారూ గుమాస్తా అమ్మాయీ మా ఇంటికి వచ్చారు. పదవీ విరమణ సందర్భంగా 'చార్టు వెనక' బ్లాగును సంస్థ వెబ్‌సైటులో చేర్చుకుంటామని, వారి ఫొటోతో సహా గౌరవప్రదంగా ఉంచుతామని ప్రతిపాదించారు. "ఇక మీదట వేసే ప్రతి వ్యాసాన్నీ ముందుగా పైవాళ్ళు ఒకసారి చూస్తారమ్మా, అంతే" అన్నారు.

"చూడటానికి మా ఇంట్లో ఒకరున్నారు సార్. ఆవిడతోనే వేగలేకపోతున్నాను."

అందరం నవ్వాం. వారు మాత్రం నవ్వు ముగిశాక, మెల్లగా, ఒక్కొక్క మాటా తూచినట్టు చెప్పారు. "కుర్చీ మీదే, ఇచ్చేస్తున్నాను. బీరువా తాళాలు మీవే, ఇచ్చేశాను. బ్లాగు మీరిచ్చింది కాదు కదండీ, తిరిగివ్వడానికి. అది నాదిగానే ఉండనివ్వండి."

మేనేజరుగారు టీ కప్పు కింద పెట్టి, "అయితే మాకు చదువుకునే భాగ్యమైనా ఉంచండి" అన్నారు. గుమాస్తా అమ్మాయి ఆయన వైపు ఓరగా చూసి, "నేనొకటి రాస్తే అందులో వేస్తారా మేడమ్?" అని అడిగింది. "వేస్తాను. ముందు మా చెల్లెలికి చదివి వినిపించు, ఏడవకుండా బయటికొస్తే వేస్తాను" అన్నారు వారు. ఆ అమ్మాయి వచ్చే ఆదివారం వస్తానంది.

వృత్తిలో నిష్ఠ, మాటలో నిజాయితీ, తప్పును దిద్దుకోవడంలో వెనుదీయని ధైర్యం కలిగిన మా అక్కగారికి ఈ డిపో ఉద్యోగులందరి పక్షాన, మా కుటుంబం పక్షాన హృదయపూర్వక అభినందనలు. విరామ జీవితంలో వారు రాయబోయే మొదటి వ్యాసం చిత్తుప్రతి నిన్ననే విన్నాను. పింఛను తీసుకునేవారు తాము బతికే ఉన్నామని ఏడాదికోసారి ఒక వెబ్‌సైటులో నిరూపించుకోవాలట. పింఛను కాగితాలతో పాటు ఆ పనీ ముందే ముగించుకోబోయారు. ముఖం చూపిస్తే అది గుర్తుపట్టలేదట, వేలిముద్ర వేస్తే ఒప్పుకోలేదట. వారు మూడు పూటలు పోరాడి, చివరికి ఒప్పించారు. సంపూర్ణ ఆరోగ్యంతో, చెరగని చిరునవ్వుతో, ఏటేటా ఇలాగే ఆ యంత్రం ఎదుట కూర్చుని తాము నిక్షేపంగా ఉన్నామని నిరూపిస్తూ పోవాలని, వీరికి ఇంకెన్నేళ్ళున్నాయని అదే విసిగి అడిగేటంతటి దీర్ఘాయుష్షు వారికి కలగాలని మనసారా కోరుకుంటున్నాను.