తొమ్మిదో తలుపు

టీ కొట్టులో వడ్రంగి గ్లాసు పట్టుకున్నాడే గానీ, టీ తాగడం లేదు. కొత్త ఆసుపత్రి నడవాలో ఎనిమిది తలుపులు పెట్టాల్సింది తొమ్మిది పెట్టావని పొద్దున్నే ఇంజనీరు విరుచుకుపడ్డాడు. తొమ్మిదోది తెరిస్తే ఎదురుగా గోడే మరి! "ప్లాను కాగితంలో ఉంటేనే పెట్టాను సార్" అంటే, "కాగితంలో ఎనిమిదే. గీసినాయనే చెప్పాడు" అన్నాడు. సాయంత్రంలోగా తప్పెవరిదో తేలకపోతే పని ఇంకొకరికి ఇచ్చేస్తాడట.

ఆ గీసినాయన, అందరికీ గీతల బాబాయి, ఇదిగో ఎదురు బల్ల మీదే ఉన్నాడు. కాళ్ళు బల్ల కిందికి ముడుచుకుని అప్పుడే కోతలు మొదలెట్టేశాడు.

"మామూలువాళ్ళు ఒక్కో తలుపూ గీసుకుంటూ కూర్చుంటారు. మనం అలా కాదు. ఒక తలుపు, పక్కన కాస్త గోడ, రెండూ కలిపి కంప్యూటర్లో ఒక బ్లాకు కట్టాను. దాని చివర బాణం గుర్తుంటుంది. పట్టుకుని లాగితే చాలు, తలుపూ గోడా, తలుపూ గోడా, రబ్బరు సాగినట్టు వాటంతటవే పుట్టుకొస్తాయి. రెప్ప వేసేలోగా ఎనిమిది!"

"ఓస్, ఇంతేనా?" అంది టీ కొట్టు అక్క.

"ఆగవే తల్లీ, అసలుది ముందుంది. ఎనిమిది రాగానే చెయ్యి తీసేశాను. తీశాక కూడా బాణం కదిలింది! తొమ్మిదోది వచ్చి కూర్చుంది. చెరిపాను. మళ్ళీ వచ్చింది. కంప్యూటరు ఆపేసి, అచ్చయిన కాగితం తీసి చూద్దును కదా, అందులోనూ తొమ్మిది! కాగితమంతా చల్లగా ఉంది, ఆ తొమ్మిదో తలుపు దగ్గర మాత్రం జ్వరమొచ్చిన పిల్ల నుదురులా కాలిపోతోంది."

వడ్రంగి తలెత్తాడు.

"ఇందాక భోంచేసి, సంగతేంటో చూద్దామని ఒక్కణ్ణే వెళ్ళాను. నడవాలో పురుగైనా లేదు. తొమ్మిదో తలుపు మూసుంది. మూడుసార్లు తట్టాను. అవతల్నుంచి టక్, టక్, టక్. సరిగ్గా మూడే! ఐదు తట్టాను. ఐదు! ఇక నేను ఊపిరి బిగబట్టి ఊరుకున్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? అది ఊరుకోలేదు."

పక్కన కూర్చున్న టైలరు మెడలోని టేపు గట్టిగా పట్టుకున్నాడు. అక్క గ్లాసు కడగడం ఆపేసింది. ఆ తలుపు బిగించింది తానే అయినా, వడ్రంగి కూడా ముందుకు వంగాడు.

"తలుపు దానంతటదే తెరుచుకుంది. లోపల ఇంకో నడవా, చూపు ఆనినంత దూరం తలుపూ గోడా, తలుపూ గోడా. చివర ఒకడు ఇటు వీపు పెట్టి కూర్చుని ఏదో లాగుతున్నాడు. వాడు లాగినప్పుడల్లా నా వెనక ఒక తలుపు పుడుతోంది. వాడి ఒంటి మీద నా చొక్కానే, మోచేతి దగ్గర మా ఆవిడ వేసిన అతుకుతో సహా! 'ఎవరయ్యా' అన్నాను. నెమ్మదిగా తిరిగాడు. మొహం ఉండాల్సిన చోట ఒక తలుపు. దాని గడియ కదులుతోంది..."

"అమ్మో!" అన్నాడు టైలరు.

"పరిగెత్తాను! మూడు వందల తలుపులు, రెండు రోజులు, తిండీ నీళ్ళూ లేకుండా!"

"గంట క్రితమే నా కొట్టు ముందు నుంచి వెళ్ళావుగా బాబాయ్?" అని అడిగాడు టైలరే.

"లోపల రెండు రోజులు, బయట రెండు నిమిషాలు. అక్కడి లెక్క వేరయ్యా."

వడ్రంగి గ్లాసు కింద పెట్టాడు. "ఆ టక్ టక్ నేనే బాబాయ్. అప్పుడు గోడకి అవతల సామాను గదిలో అరలకి మేకులు కొడుతున్నాను. ఎవరో కెవ్వుమంటే పరిగెత్తుకొచ్చాను. ఎవరూ లేరు." సంచిలో చెయ్యి పెట్టి ఒంటి చెప్పు తీసి బల్ల మీద పెట్టాడు. "తొమ్మిదో తలుపు ముందు ఇది పడుంది."

అందరూ బల్ల కిందికి వంగి చూశారు. బాబాయి ఒక పాదాన్ని ఇంకో పాదం వెనక దాచుకున్నాడు.

"కాగితంలో తొమ్మిది ఉన్నాయని ఇప్పుడు నీ నోటితోనే అన్నావు. వీళ్ళంతా విన్నారు. నా పని పోతోంది బాబాయ్."

బాబాయి తల వంచుకుని చెప్పాడు. "నడవా పొడవు చూసి లాగానురా అబ్బాయ్. తలుపులు లెక్కపెట్టలేదు. సారు అడిగేసరికి భయమేసి, ఒకటి చెరిపేసి మళ్ళీ అచ్చు తీసి, పాత కాగితం చోట పెట్టేశాను."

వడ్రంగి లేచాడు. "అయితే ముందు ఆ చెప్పు వేసుకో. తర్వాత వచ్చి ఇంజనీరుకి ఇదే చెప్పు."