రెండూ కుడిచేతులే

ఈ టేపా? పారెయ్యకు తల్లీ, ఇటివ్వు. మా పెద్దన్నయ్యది. అంకెలన్నీ చెరిగిపోయి ఎందుకూ పనికిరాదు కానీ, ఆయన పోయాక నేను అడిగి తెచ్చుకుంది ఇదొక్కటే. నువ్వు ఆయన్ని చూళ్ళేదు కదూ. దర్జీ. పొద్దున్న లేస్తే మెళ్ళో టేపు పడాల్సిందే, అన్నం తినేటప్పుడూ తియ్యడు. పెళ్ళికెళ్ళినా అదే అవతారం, మా వదిన గుమ్మంలోనే లాగేసి సంచీలో కుక్కేది. ఎదురుగా ఎవరైనా నడిచొస్తుంటే, "ఒరే, ఈయనకి కుడిభుజం దిగింది, కోటు కుడితే దూది పెట్టాలి" అనేవాడు నా చెవిలో. అలాంటివాడు ఒకరోజు టేపు మేకుకి తగిలించి వెనకగదిలోకి పోయి పడుకున్నాడు. జ్వరం లేదు, నొప్పి లేదు. లేవలేదంతే.

ఇక సలహాలకేం తక్కువ. మా బాబాయి, ఆయనది పెద్ద గొంతు, "ఏం లేదు, ఒళ్ళు బద్ధకం, రెండు తగిలిస్తే వాడే లేస్తాడు" అని. పక్కింటావిడ, మంచిదే పాపం, "నీకేం లోటు నాయనా, చేతిలో పని, బంగారంలాంటి పెళ్ళాం" అనేది. ఆవిడ అలా అన్నప్పుడల్లా అన్నయ్య గోడవైపు ఇంకాస్త తిరిగేవాడు. తిండి లేదు, నిద్ర లేదు. మనిషి మనకి దక్కుతాడా అని నాకు భయం పట్టుకుంది. వదినకీ అదే భయం, పైకి అనలేదు. వెళ్ళి డాక్టర్ని పిలుచుకొచ్చింది. ఆయన కూర్చుని అంతా విని, "ఇది జబ్బమ్మా, బద్ధకం కాదు. మందిస్తాను, తొందరపెట్టకండి, ఒంటరిగా వదలకండి" అన్నాడు. మందూ పనిచేసిందిలే, నేను కాదనను.

ఏం చెబుతున్నాను? ఆఁ, కోటు సంగతి చెప్పలేదు కదూ. బడిపంతులుగారి కోటు సగంలో ఆగిపోయింది. ఆయనేమో నోరు తెరిచి అడగడు, రోజూ గుమ్మంలో నిలబడి దగ్గి పోతాడు. వదినకి కాజాలు, గుండీలు తప్ప ఏం రావు. ఆ దగ్గు భరించలేక తనే కోటు చేతులు కత్తిరించి కుట్టేసింది. తీసుకెళ్ళి మంచం మీద పరిచి, "ఎలా ఉందండీ?" అంది. అన్నయ్య చాలాసేపు చూశాడు. "రెండూ కుడిచేతులే కదే" అన్నాడు. ఎన్నాళ్ళకో ఆయన గొంతు విన్నాం. "ఇది తొడుక్కుంటే పంతులు బోర్డుకి వీపు పెట్టి రాయాలి" అన్నాడు. నవ్వలేదు, మామూలుగానే అన్నాడు. మేమిద్దరం మాత్రం నవ్వలేక చచ్చాం. "అయితే ఆ చెయ్యి విప్పండి. కుట్టక్కర్లేదు, విప్పితే చాలు" అంది వదిన.

సూదిమొనతో ఒక్కో కుట్టూ విప్పాడు. సగం విప్పి మళ్ళీ పడుకున్నాడు. చూశావా, ఇక్కడే వదిన గొప్పతనం. "చూశారా, చెయ్యగలరుగా" అనలేదు. కోటు మడిచి తీసుకుపోయింది. మర్నాడు మళ్ళీ తెచ్చింది. ఇంకో రోజు, "ఇక్కడ వెలుతురు లేదు, కిటికీ దగ్గరికి రండి" అంది. తర్వాత వీధరుగు మీద ఎండలో కుర్చీ వేసింది, అక్కడే ఎడమచెయ్యి కుట్టాడు. ఆ తర్వాత, "పంతులుగారింటి దాకా నడిచి ఇచ్చొద్దాం, నేనూ వస్తా" అంది. ఇంత చిన్న పనులే. చెడ్డ రోజులూ వచ్చాయి, లేవలేనన్నవాణ్ణి ఎవరూ లేపలేదు. ఒక పొద్దున నేను వెళ్ళేసరికి మేకు ఖాళీగా ఉంది. టేపు ఆయన మెళ్ళో ఉంది. నేను వీధిలోకి వచ్చి ఏడ్చాను.

ఆ తర్వాత ముసలాడయ్యేదాకా హాయిగా బతికాడు. మధ్యలో ఆ జబ్బు మళ్ళీ రాకపోలేదు. కానీ అప్పుడు తనే చెప్పేవాడు, "ఒరే, మళ్ళీ ముసురు పట్టిందిరా, కాస్త వచ్చి కూర్చో" అని. వెళ్ళేవాణ్ణి. ఎలా ఉంటుందన్నయ్యా అని అడిగా ఒకసారి. "బాధైతే ఏడ్చేవాణ్ణిరా. ఏడుపు కూడా రాదు. చొక్కా తొడుక్కోవడమే పెద్ద పని" అన్నాడు.

ఏంటీ?

నీకూ అలాగేనా.

ఊఁ.

మంచిపని చేశావు తల్లీ, చెప్పావు. రేపు డాక్టరు దగ్గరికి ఇద్దరం వెళ్దాం. ఇదిగో, నా చొక్కా జేబు వంకరగా కుట్టాడు ఇప్పటి దర్జీ వెధవ. ఈ సూది తీసుకో. కుట్టక్కర్లేదు, విప్పితే చాలు. ఇక్కడ కాదు, కిటికీ దగ్గరికి రా.