రికార్డింగ్ ఆగేదాకా

కౌన్సెలింగ్‌లో పీజీ చేస్తున్న అక్క, రేపు మేడమ్‌కు వినిపించాల్సిన రికార్డింగ్ కోసం తమ్ముణ్ని ఎదురుగా కూర్చోబెట్టింది. బల్ల మీద ఫోన్ రికార్డవుతోంది.

“మీ మనసులో ఏముందో చెప్పండి.”

“నువ్వు తిట్టినా, సలహా ఇచ్చినా మార్కులు పోతాయి కదా?”

“ఇక్కడ మిమ్మల్ని ఎవరూ తప్పుపట్టరు.”

“అయితే అక్కా, నిన్న నీ స్కూటర్ గోడకి గుద్దేశాను.”

“గుద్దే...శారు.”

“గీతలు కనపడకుండా కవరు కప్పేశాను.”

“కప్పేశాక మీకు తేలిగ్గా అనిపించింది.”

“చాలా! నువ్వేంటి, పళ్లు నూరుతున్నావు?”

“నా పళ్ల గురించి మీకు ఆందోళనగా ఉందన్నమాట.”

“భలే ఉందక్కా నీ చదువు! రోజూ రికార్డ్ చేద్దాం.”

ఆమె బదులివ్వలేదు. ఒక్కోసారి మనం మౌనంగా ఉంటే చాలు, ఎదుటివాళ్లే చెప్పేస్తారని మొన్ననే క్లాసులో నేర్పారు.

“ఏంటి, ఏమీ అనవా?”

“...”

“అలా చూడకు. సరే, అద్దం కూడా పగిలింది.”

“...”

“అబ్బా! హెడ్‌లైటు కూడా. నా ఫ్రెండుకి నడపడం నేర్పిస్తుంటే...”

“మనసు విప్పి మాట్లాడినందుకు థాంక్సండీ. మన టైమ్ అయిపోయింది.”

“ఆపేశావా అక్కా?”

“ఆపేశాను. ఇలా రారా!”

“వద్దక్కా, మళ్లీ ఆన్ చెయ్యి! నా చిన్నప్పటి కష్టాలు ఇంకా చెప్పనేలేదు!”