ఊఁ కొట్టని జగ్గమ్మ

అలగ గోడకేసి సూస్తా కూకుంటే ఎలగే జగ్గమ్మా? పీట వేస్తే కూకున్నావు. టీ ఇస్తే తాగేవు. టీకి తెరుచుకున్న నోరు మాటకి తెరుచుకోదేటి?

కోపమొచ్చిందని తెలుసు. పొద్దున్న సేపలు ఎండేసిన కాడ నన్ను సూసి, కొంగు దులుపుకుని అటు ఎలిపోయేవు సూడు, అప్పుడే తెలిసింది. కోపముంటే తిట్టు. జుట్టు పట్టుకో. ఉన్నవి నాలుగు ఎంట్రుకలే గాని, పట్టుకో. ఇలగ రాయిలాగ కూకుంటే నాకు ఊపిరాడదు. మా ఆయన జగన్నాధం మావ పోయేక ఈ ఊళ్ళో నా మాట వినేది నువ్వొక్కదానివే గదా.

ఏటి నేను సేసిన పాపం? ఒక కత రాసేను. అది శ్రీకాకుళం పత్రికలో పడింది. కోడలు ఉష దాన్ని ఫోనులో ఫొటో తీసి ఊరందరికీ పంపింది. అదీ నా తప్పేనా?

సరే, నా తప్పే అనుకో. నెత్తళ్ళు ఎండేసే ఆడోళ్ళందరూ "జగ్గమ్మత్తా, నీ సంచేనా? సరిగ్గా సూసుకో" అని నవ్వుతన్నారట. బస్సు దిగిన కుర్రోడల్లా "ఇది మీ ఆయనదేమో సూడు" అని నీకు సంచి అందిస్తన్నాడట. ఇంక నీ మొగుడు ఎల్లాజీ బావ! ఈ వయసులో అన్నం ముందు కూకుని, ముద్ద సేతిలో పట్టుకుని, "ఎవుడిదే ఆ సంచి?" అని అడిగేడట.

ఓలమ్మ! నవ్వకుండా ఎలగుంటానే?

లేదు, లేదు. నవ్వట్లేదు. దగ్గొచ్చింది.

నీ పేరు పెట్టేనా నేను? దుర్గ అని పెట్టేను. దుర్గలు దేశం నిండా ఉన్నారు. గెడ్డం మీద పచ్చబొట్టు మాత్రం... సరే, అది నీదే. ఎనక్కి తిరిగి సూడకుండా గబగబా నడిసే నడకా నీదే. మరి గెడ్డాలూ నడకలూ నేనెక్కడి నుంచి తెస్తానే? బజార్లో అమ్ముతారా? ఈడొచ్చిన కాడి నుంచీ నా పక్కన కూకున్నది నువ్వే. రాద్దామని కళ్ళు మూసుకుంటే కనబడేది నీ గెడ్డమే. నేనేటి సేసేది?

కత పడ్డాక లైబ్రరీలో పెట్టిన మీటింగు సంగతి నీకు సెప్పనే లేదు. సెప్పనిచ్చేవా? సాలువా కప్పుతామంటే ఎళ్ళేను. లైబ్రరీ నడిపే నరసింగరావు మేస్టారు మైకు పట్టుకుని, "రచయితలకు ప్రేరణ ఎలా కలుగుతుంది? సృజనలో ఆనందం ఎక్కడుంది?" అని మొదలెట్టేరు. ఆ రోజు అందరూ దాని మీదే మాటాడాలట.

ఒకాయన లేచి, వాన పడితే గాని నా కలం కదలదన్నాడు. ఈ యేడు వానలే లేవు, పాపం ఏటి సేస్తన్నాడో! ఇంకొకాయన అరకు గెస్టుహౌసులో తప్ప ఒక్క ముక్క రాయలేడట. ఒకావిడ, వేదన లేనిదే కవిత్వం లేదంది. ఆవిడ మెళ్ళో గొలుసు సూస్తే వేదన బాగానే పండుతన్నట్టుంది. అందరూ ఆనందం గురించే మాటాడేరు గాని, ఒక్క మొహంలో ఆనందం ఉంటే ఒట్టు. అందరి కళ్ళూ గడియారం మీదే. ఆలస్యమైతే భోజనాల్లో అప్పడాలు అయిపోతాయేమోనని.

అప్పుడు నన్ను లేపేరు. "తవిటమ్మగారూ, మీ ప్రేరణ ఏమిటో చెప్పండి" అన్నారు. ఏటి సెప్పమంటావు? సేపలు సుట్టే కాయితాలు బాబూ, అని సెప్పనా?

నీకు గుర్తుందా? తలైనా ఊపవేటే. మనం ఎండు నెత్తళ్ళు పొట్లాలు కడుతున్నప్పుడు పాత పత్రికలు కట్టలు కట్టలుగా వచ్చేవి. నాకు అక్షరాలొచ్చింది ఆ కాయితాల మీదే. అందులో ఏ కతా పూర్తిగా ఉండేది కాదు. తలుపు సప్పుడైంది, ఆమె లేచి గడియ తీసింది, అనేసరికి కాయితం సిరిగిపోయి ఉండేది. "తలుపు అవతల ఎవరే?" అని నువ్వడిగేదానివి. తెలీదని సెప్పడానికి నాకు సిగ్గు. అందుకని నేనే సెప్పేసేదాన్ని. ఓ రోజు మొగుడు. ఓ రోజు పోలీసు. ఓ రోజు మేక. మేక అన్న రోజు నువ్వు ఉప్పు సేతుల్తోనే నా వీపు మీద ఒక్కటిచ్చేవు.

అదే మొదలు. సేతులు సేపల్ని తిప్పుతుంటే నోరు కత సెప్పేది. నువ్వు తలెత్తకుండా "ఊఁ" అనేదానివి. ఆ ఊఁ గట్టిగా వస్తే కత బాగా నడుస్తన్నట్టు. ఆలస్యంగా వస్తే ఎక్కడో అతకలేదన్నట్టు. గభాల్న ఎనక్కెళ్ళి మార్చేదాన్ని. నువ్వు కాకుల్ని తోలడానికి లేచిపోయేవంటే ఇంక ఆ కత సచ్చిందే! ఇప్పుడు కాయితం మీద రాస్తన్నాను గాని, ముందు నీకు సెప్పకుండా ఏ కతా రాయలేదు. ఈ ఒక్కటి తప్ప.

మరి ఇదంతా మైకులో ఎలగ సెప్తాను? "అంతా భగవంతుడి దయ" అన్నాను. సప్పట్లు కొట్టేరు. సాలువా కప్పేరు. ఆ సాలువా ఈ ఉక్కలో ఎవరు కప్పుకుంటారు? బియ్యం డబ్బాకి కప్పేను.

ఈ ఒక్కటీ ఎందుకు సెప్పలేదంటావా? భయమేసింది జగ్గమ్మా.

ఈ మజ్జిన నాకు అన్నీ జారిపోతన్నాయే. వేసిన ఉప్పు మళ్ళీ వేస్తన్నాను. ఉష వంటింట్లో డబ్బాలన్నిటికీ కాయితం ముక్కలు అంటించింది. పంచదార, కందిపప్పు, సోడా. అత్తకి సదువొచ్చు గదా, సదువుకుంటాది అని. ఇన్ని కష్టాలు పడి నేర్చుకున్న సదువు ఆఖరికి కందిపప్పు డబ్బా కాడికి వచ్చింది సూడు. మొన్న నీ ఇంటికని బయల్దేరి, దారి మధ్యలో ఎందుకు బయల్దేరేనో తెలీక సముద్రం కేసి తిరిగి నిలబడిపోయేను. ఎవరో అడిగితే గాలి కోసం అన్నాను. రచయిత్రి గదా, గాలి పీలుస్తన్నాదని దండం పెట్టి ఎళ్ళేరు.

అందుకే, ఈ కత వచ్చిన పొద్దున్న నీ కాడికి నడిసొచ్చేలోగా ఎక్కడ పోతాదోనని, తలుపేసుకుని రాసేసేను.

ఎలగొచ్చిందో తెలుసా! తల దువ్వుకుంటన్నాను. దువ్వెన ఇంకా సగం జుట్టులోనే ఉంది. ఒక్కసారే మొత్తం వచ్చేసింది. ఆమదాలవలస స్టేషను, రైలు, జనం, పకోడీల వాసనతో సహా.

దుర్గ కొత్త పెళ్ళికూతురు. పెళ్ళైన వారానికే మొగుడు గుజరాత్ బోట్ల మీద సేపల వేటకి ఎలిపోయేడు. మన కాలంలో పెద్దోళ్ళ ముందు మొగుడి మొహం సూసేవోళ్ళమా? ఆ గుంటపిల్ల పెళ్ళిలో ఆడి కాళ్ళు సూసింది. తర్వాత దీపం ఆర్పేక ఇంకేటి సూస్తాది? నెలలు గడిసేక తిరిగొస్తన్నారంటే స్టేషనుకెళ్ళింది. దిగినోళ్ళందరికీ బోటు సేఠు ఇచ్చిన ఒకే నీలం సొక్కా. అందరిదీ ఉప్పుగాలికి మాడిన ఒకే నలుపు. ఇందులో తనోడు ఎవుడు? అడిగితే పరువు పోతాది. అంతలో ఒకడు ఇటు సూసి నవ్వేడు. అంతే! ఆడి సేతిలో సంచి లాక్కుని, తల వంచుకుని, గబగబా నడిసిపోయింది.

బస్సు కాడికి వచ్చేసరికి ఎనకాల అరుపులు. "అమ్మా, నా సంచి! నాది నౌపడ ఊరు తల్లీ, నా సంచి ఇచ్చెయ్యి!" ఆడి ఎనకాల అసలు మొగుడు, పొట్ట పట్టుకుని నవ్వుతా.

మరి ఆడేటి సేసేడు? కొట్టేడా? తిట్టేడా? స్టేషను బయట కొట్టులో అద్దం కొన్నాడు. ఆకుపచ్చ రేకు అంచున్న సిన్న అద్దం. దాని సేతికిచ్చి, ఎనకాల నిలబడి, "నా కేసి తిరగొద్దులే. ఇందులోంచి సూడు. బాగా సూసుకో. ఇంకోపాలి మరిచిపోతే ఊరుకోను" అన్నాడు.

ఆ మాట రాసేను సూడు, గదిలో ఒక్కదాన్నీ పకపకా నవ్వేను. తర్వాత ఏడుపొచ్చింది. మళ్ళీ నవ్వేను. ఉష తలుపు కొట్టి "అత్తా, ఏటయ్యింది?" అంటే, "పని సేసుకుంటన్నాను, పోవే" అన్నాను. ఆనందం ఎక్కడుందని మేస్టారు అడిగేరు గదా, అక్కడుంది. ఆ తలుపేసిన గదిలో. మైకులో సెప్పాల్సింది అది.

ఎందుకంత ఆనందమంటావు? గెడ్డం నీది. నడక నీది. సముద్రం దేవుడిది. గాని ఆ అద్దం నాది. ఎవరి కాడా ఎత్తుకొచ్చింది కాదు, అచ్చంగా నా బుర్రలో పుట్టింది. "ఆకుపచ్చ అంచు అని ఎలా తట్టిందమ్మా?" అని భోజనాల కాడ మేస్టారు అడిగేరు. "దానంతటదే వచ్చింది బాబూ" అన్నాను. "చూశారా, కల్పనాశక్తి అంటే ఇదీ!" అని వానాయన కేసీ అరకాయన కేసీ సూసేరు. అన్నీ పారేసుకుంటన్న బుర్ర ఇంకా కొత్తది పుట్టించగలదని నాకెంత ధైర్యమొచ్చిందో! ఆ రాత్రి డబ్బాల మీద కాయితాలన్నీ పీకేద్దామనుకున్నాను.

గాని నువ్వు ఊఁ అనలేదే. ఊరంతా బాగుందన్నారు, నువ్వనలేదు. నువ్వు ఊఁ అనకపోతే కత ఎక్కడో అతకనట్టే. ఎక్కడ అతకలేదో సెప్పు. మార్చేస్తాను. గెడ్డం తీసెయ్యమంటే తీసేస్తాను. ఒక్క ఊఁ అనవే జగ్గమ్మా.

ఏటి?

గట్టిగా సెప్పు. నీకు అలగ జరగలేదా? నాకు తెలుసు గదే. నీకు జరిగిందని ఎవరన్నారు? ఎల్లాజీ బావ నీ మేనమావ కొడుకు, ఆడి సీమిడి ముక్కు కాడి నుంచీ నీకు తెలుసు, నువ్వెలగ మరిచిపోతావు? కల్పించేననే గదా సెప్తన్నాను.

మరెవరికి జరిగింది?

నాకా?

ఒసే, కోపముంటే తిట్టుకో గాని నాతో ఇలగ ఆడకే. ఏటి... తోడుకి నువ్వొచ్చేవా? ఎల్లాజీ బావ ఆ యేడు గుజరాత్‌లోనే ఉండిపోయేడా? ఎవరికీ సెప్పొద్దని నీ సేత ఒట్టేయించుకున్నానా? ఆ రైలు దిగినోళ్ళందరూ పోయేరు, ఇంక తెలిసిందానివి నువ్వే. ఇప్పుడు నేనే నా సిగ్గు తెచ్చి కావాలని నీ గెడ్డానికి అంటించేననుకున్నావు. అవునా? ఊరంతా నవ్వుతన్నా, బావ అడుగుతన్నా, ఒట్టు కోసం నోరు మూసుకున్నావా?

నాకేటీ గుర్తు లేదు జగ్గమ్మా.

ఏటి సూపిస్తన్నావు? గోడా? ఆ అద్దమా? అది ఎప్పటి నుంచో ఉంది, రోజూ అందులోనే తల దువ్వుకుంటాను. ఎక్కడిదో ఏటో. అంచంతా తుప్పు. అయితే ఇందాకట్నుంచి నువ్వు సూస్తన్నది దీన్నేనా?

ఉండు, గోరుతో గీకనీ.

ఓలమ్మ. ఆకుపచ్చే.

అయితే పోయిందే. నా ఒక్క కల్పనా పోయింది. సాలువా తిరిగిచ్చెయ్యాలేమో. అరకాయనకి కబురెట్టాలి. గెస్టుహౌసులేటీ అక్కర్లేదు బాబూ, కట్టుకున్నోడిని మరిచిపోతే సాలు, ప్రేరణ దానంతటదే వస్తాది, అని.

నవ్వకే. నువ్వు నవ్వితే నాకు ఏడుపొస్తాది.

మరిచిపోతే ఊరుకోనన్నాడు గదే మావ. నిజంగా అన్నాడా, అది నేను రాసిందా? అద్దం ఇచ్చేక ఏటి జరిగింది? నేను అందులో సూసేనా? బస్సెక్కేమా? దారిలో ఏటైనా మాటాడేడా? బాగుంది గదా అని కత అక్కడే ఆపేసేను. కాయితం అక్కడే సిరిగిపోయింది జగ్గమ్మా. తలుపు అవతల ఎవరో ఇప్పుడు నువ్వే సెప్పాలి. మేక అని మాత్రం అనకు.

ఇలగ దగ్గరికి జరుగు. టీ సల్లారితే మళ్ళీ పెడతాను. మొదటి నుంచి సెప్పు, ఈపాలి ఊఁ కొట్టేది నేను. రైలొచ్చి ఆగింది...

ఊఁ.